శాంతయ్య మాస్టారి నిలువు పద్ధతి

మా మావయ్యకు నిలబడడం ఇష్టమట. ఆయన పోయాక నందిగామలో పెట్టిన సంతాప సభలో ఈ ముక్క అన్నది ఒకప్పుడు ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న భవానీప్రసాద్. ఒక్కసారి అని ఊరుకోలేదు. మైకు పట్టుకున్నంతసేపూ అదే పాట. "కుర్చీ వేసినా కూర్చునేవారు కాదండి. పాఠం చెప్పేప్పుడు కూర్చోకూడదని ఆయన సిద్ధాంతం" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మా అత్తయ్య ఆరోగ్యమ్మ నా పక్కన తల వంచుకుని కూర్చుంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

సభకు ముందు రోజు ఫోటో కావాలని మనిషిని పంపారు. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే, పెళ్ళయిన కొత్తలో తీయించుకున్నది. ఆ రోజుల్లో అందరి ఫోటోల్లాగే మావయ్య కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని దర్జాగా కూర్చున్నాడు, అత్తయ్య కుర్చీ మీద చెయ్యి ఆనించి పక్కన నిలబడింది. "నిలబడ్డ ఫోటో లేదాండీ?" అని అడిగాడు వచ్చినతను. లేదన్నాను. చివరికి మొహం వరకే కత్తిరించి, పెద్దది చేయించి, దండ వేశారు. కుర్చీని మాత్రం జాగ్రత్తగా తీసేశారు.

నేను లేచి మాట్లాడతానన్నాను. "టైమైపోయిందమ్మా, పెద్దలింకా మాట్లాడాలి" అన్నారు. వాళ్ళ మైకు వాళ్ళనే ఉంచుకోమనండి. శాంతయ్య మాస్టారు ఎవరో, ఎందుకు నిలబడ్డాడో, ఎవరు నిలబెట్టారో నేను రాస్తాను. నా పేరు ప్రేమకుమారి. ఆయన చెల్లెలి కూతుర్ని. మా అమ్మ పోయాక ఆయన ఇంట్లోనే పెరిగాను, ఆయన దగ్గరే చదువుకున్నాను, ఆయనలాగే బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను.

ముందుగా ఒక సంగతి తేల్చాలి. మా మావయ్యంత కూర్చునే మనిషిని నేనింతవరకూ చూడలేదు. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని గడప మీద కూర్చుంటే ఎండ మొహాన కొట్టేదాకా లేచేవాడు కాదు. చర్చిలో కీర్తనకు అందరూ లేస్తే ఆయన ఆఖరున లేచి, అందరికంటే ముందు కూర్చునేవాడు. "ఈయన నడుం దేవుడు కూర్చోడానికే చేసాడు" అని అత్తయ్య దెప్పిపొడిచేది. నాకు ఇంగ్లీషంతా నులకమంచం మీద బాసింపట్టు వేసుకుని చెప్పాడు. ముసురు పట్టిన రోజుల్లోనైతే దుప్పటి కప్పుకుని, పడుకునే చెప్పాడు. ఇదండీ ఆయన సిద్ధాంతం.

మావయ్యది చందర్లపాడు పేట, అంటే అక్కడి మాలపల్లె. తాతయ్యా అమ్మమ్మా రైతుల పొలాల్లో కూలికి పోయేవాళ్ళు. మావయ్య మిషను బోర్డింగులో చదివి, ట్రైనింగు అయి, నందిగామ మిషను బడిలో మాస్టారుగా చేరాడు. ఇంగ్లీషంటే ఆయనకు పిచ్చి. ఆ పిచ్చిలో కూడా ఒక తీరు ఉంది. ఇంగ్లీషు మాట దేన్నీ ఒంటరిగా నేర్పకూడదనేవాడు. అది ఏ మాటతో తారుమారవుతుందో ఆ మాటను పక్కనే పెట్టి, రెంటినీ కలిపే చెప్పాలి. విడివిడిగా నేర్చుకున్న పిల్లాడు పరీక్షలో రెంటినీ కలిపేస్తాడు, కలిపి నేర్చుకున్నవాడు విడదీయగలుగుతాడు అని ఆయన నమ్మకం.

"మనం ఒక్క మాటతో సరిపెట్టుకున్నచోట ఇంగ్లీషువాడు రెండు పెట్టాడే అమ్మాయ్, మన పిల్లలు బోర్లాపడేది అక్కడే" అనేవాడు. నీడ సంగతి చూడండి. మనకు నీడ ఒక్కటే. వాళ్ళకు చెట్టు కింద చల్లగా కూర్చునేది షేడు, ఎండలో మన వెంటబడి వచ్చేది షాడో. మనం అన్నిటినీ చూస్తాం. వాళ్ళు కంటబడితే సీ అంటారు, పనిగట్టుకుని చూస్తే లుక్ అంటారు, మిరపచేను కాపలా కాస్తూ చూస్తే వాచ్ అంటారు. నీకై నీకు గుర్తుంటే రిమెంబర్, మీ ఆవిడ గుర్తు చేస్తే రిమైండ్. ఇలా చెప్పుకుంటూ పోయేవాడు. ఒక్కోసారి తిరగబడి మన వైపు చేరేవాడు కూడా. పొలంలో ఉంటే వరి, బస్తాలో ఉంటే బియ్యం, కంచంలో ఉంటే అన్నం కదా. వాళ్ళకు ఎక్కడున్నా రైసే. "అన్నం తినే జాతి కాదు, వాళ్ళకేం తెలుసు పాపం" అని నవ్వేవాడు.

మిషను బడిలో ఆయన గదికి ఒక తలుపు, ఒక కిటికీ. ఏ రోజు ఏ జంట మాటలైతే వాటిలో ఒకటి తలుపు, ఇంకోటి కిటికీ. మావయ్య కుర్చీలో చేరగిలబడి తెలుగులో వాక్యం చెబుతాడు. "పక్కింటివాళ్ళ దగ్గర తట్ట అడిగి తెచ్చుకున్నా" అంటాడు. పిల్లలు బారో అని అరుస్తూ తలుపు దగ్గరికి పరిగెత్తాలి. "పక్కింటివాళ్ళకు మన తట్ట ఇచ్చాం" అంటే లెండ్ అని కిటికీ దగ్గరికి. పరిగెత్తేది పిల్లలు, కూర్చునేది మావయ్య. ఆ గదిలో నేనూ పరిగెత్తాను కాబట్టి చెబుతున్నాను. కూర్చునే చెప్పాడు, బ్రహ్మాండంగా చెప్పాడు, మేమంతా నేర్చుకున్నాం.

ఇక అసలు కథ. పందొమ్మిది వందల యాభై రెండులో నందిగామ వెంకటరత్నంగారు మావయ్యకు కబురు పెట్టారు. ఆయనకు పొగాకు, మిరప పండే భూములు చాలా ఉండేవి. పెద్దకొడుకు భవానీప్రసాద్‌కు అన్నీ వచ్చు, ఇంగ్లీషు ఒక్కటే రాదు. ఇంగ్లీషు తప్పితే ఎస్సెస్సెల్సీ మొత్తం తప్పినట్టే. సాయంత్రంపూట తెలుగు చెప్పడానికి పంతులుగారొకాయన వచ్చి పోతుండేవాడు. ఇంగ్లీషు చెప్పేవాళ్ళు ఊళ్ళో ఎవరూ కుదరక మావయ్యను పిలిచారు. మిషను బడి జీతం ఇంటికి చాలేది కాదు. మావయ్య ఒప్పుకున్నాడు.

ఆ మొదటి రోజు సంగతి మావయ్య ఇంటికొచ్చి అత్తయ్యతో చెబుతుంటే విన్నాను. వెంకటరత్నంగారిది పొడుగాటి వసారా. పెద్ద పెద్ద టేకు స్తంభాలు. పంతులుగారు అప్పుడే లేచి వెళ్ళాడు, ఆయన కూర్చున్న పేము కుర్చీ అక్కడే ఉంది. మావయ్య మెట్ల దాకా రాగానే ఇల్లాలు పున్నమ్మగారు లోపల్నుంచి, "ఆ కుర్చీ లోపల పెట్టరా" అని పాలేరుతో అంది. గట్టిగా కూడా అనలేదు. ఉతికిన బట్టలు లోపల పెట్టమన్నంత మామూలుగా అంది. మావయ్య వసారా ఎక్కేలోగా పాలేరు కుర్చీ ఎత్తుకుపోయాడు. ఇంకొకడు వచ్చి చాప చుట్టేశాడు. భవానీప్రసాద్ బల్ల మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. మావయ్యను వసారాలోకి రానివ్వడమే గొప్ప అన్నట్టుంది వాళ్ళ వరస. మధ్యలో మజ్జిగ వచ్చింది, చూరులో దోపిన వేరే గ్లాసులో.

"మరి నువ్వేం చేసావు?" అంది అత్తయ్య.

"ఏం చేస్తా. నిలబడి చెప్పా."

"నేల మీద కూర్చోకపోయావా?"

"కుర్రాడు బల్ల మీద, నేను నేల మీదానా? చెప్పే మాట పైకెట్లా ఎక్కుద్దే?" అన్నాడు మావయ్య.

అదీ సంగతి. కుర్చీ లేదు, నేల మీద కూర్చోవడానికి మనసొప్పలేదు. అందుకని నిలబడ్డాడు. ఊరికే ఒకచోట నిలబడితే కాళ్ళు పీకుతాయి గనుక అటూ ఇటూ నడిచాడు. తలుపూ కిటికీ బదులు వసారా స్తంభాలు పెట్టుకున్నాడు. ఈ స్తంభం హియర్, ఆ స్తంభం లిజన్. చెవిన పడితే ఇక్కడికి, చెవి ఒగ్గి వింటే అక్కడికి. అయితే ఇక్కడ పరిగెత్తింది పిల్లాడు కాదు. పరిగెత్తడం వాడికి నామోషీ. వాడు బల్ల మీద కూర్చుని వేలు చూపించేవాడు, మావయ్యే ఆ స్తంభం దాకా నడిచి చూపించి మళ్ళీ ఈ స్తంభం దగ్గరికి వచ్చేవాడు.

భవానీప్రసాద్ పాసయ్యాడు. ఇంగ్లీషులో వాళ్ళ ఇంటావంటా లేనన్ని మార్కులు వచ్చాయి. ఇక చూడండి, ఊళ్ళో ఆసాములంతా ఒకటే మాట. "శాంతయ్య నిలబడి చెప్తడు. కూర్చోడు. అందుకే పిల్లలకి ఇంగ్లీషు ఎక్కుద్ది." ఎవరికి ముందు తోచిందో ఈ మాట, నాకు తెలియదు. తోచినవాడికి ఒక దండం. కుర్చీ వెయ్యని వాళ్ళే కుర్చీ లేకపోవడాన్ని ఆయన గొప్పతనం చేసేశారు. దాంతో వాళ్ళకు రెండు పనులూ అయ్యాయి. పిల్లలకు ఇంగ్లీషూ వచ్చింది, మాలపల్లె మనిషికి కుర్చీ వెయ్యాల్సిన అవసరమూ తప్పింది.

ఆ తర్వాత ఏ ఇంటి నుంచి పిలుపొచ్చినా ఇదే తంతు. చందర్లపాడులో ఒక ఆసామి ఇంట్లోనైతే మావయ్య వచ్చే వేళకు వసారాలో మంచం కూడా లేపి గోడకు ఆనించేవాళ్ళు. ఎందుకంటే, "మేష్టారు పాఠం చెప్పే చోట కూర్చునేవి ఉండకూడదంట" అని ఇంటావిడ సాటివాళ్ళకు చెప్పిందట. పాపం ఆవిడ భక్తిగానే అంది. నందిగామలో తెలుగు పంతులుగారి మీద కూడా ఫిర్యాదులు మొదలయ్యాయి. "మీరూ నిలబడి చెప్పరాదుటండీ" అని ఎవరో అంటే ఆయన పంచె దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిపోగలడు. మళ్ళీ బతిమాలి తీసుకొచ్చారు, కుర్చీ వేశారు.

కుర్చీ ఉంటే ఆ స్తంభాల ఉపాయం శాంతయ్యకు తోచేదా, ఒకందుకు మంచిదే అయింది కదా అని చదువుకున్నవాళ్ళే నాతో అన్నారు. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. తలుపూ కిటికీ ఉపాయం ఆయన కుర్చీలో కూర్చునే కనిపెట్టాడు. మీరు పెట్టిన బాధలోంచి ఆయనకేదో మేలు జరిగిందని చెప్పుకుంటే మీకు నిద్ర పడుతుందేమో గానీ, అది నిజం కాదు.

అంటరానితనం పాటిస్తే నేరమని చట్టం వచ్చిందని యాభై అయిదులో చర్చిలో చదివి వినిపించారు. మావయ్య ఆ మర్నాడు కూడా నిలబడే పాఠం చెప్పి వచ్చాడు. అప్పటికి వెంకటరత్నంగారింట్లో భవానీప్రసాద్ తమ్ముళ్ళకు చెబుతున్నాడు. బళ్ళో పొద్దస్తమానం పని, సాయంత్రం ఇళ్ళ వెంట ఈ నిలువుకాళ్ళ కొలువు. పిక్కల్లో నరాలు ఉబ్బి తాళ్ళలా తేలాయి. ఇంటికొచ్చి మంచం మీద పడితే అత్తయ్య ఆముదం కాచి రాసేది. డాక్టరు చూసి, నిలబడడం మానకపోతే పుండ్లు పడతాయన్నాడు. అయినా ఇంకో రెండు మూడేళ్ళు ఈడ్చుకొచ్చాడు.

చివరికి అత్తయ్య పోరగా పోరగా మావయ్య నోరు తెరిచి అడిగాడు. వెంకటరత్నంగారు పడకకుర్చీలో పడుకుని చుట్ట కాలుస్తున్నారట.

"కాళ్ళు బాగా లాగుతున్నయ్యండి. డాక్టరుగారు నిలబడొద్దంటున్నారు. ఓ కుర్చీ వేయిస్తే కూర్చుని చెప్తానండి" అన్నాడు మావయ్య.

"ఏందయ్యా శాంతయ్యా, కొత్తగా? నువ్వు నిలబడి చెప్పబట్టే కదా మా పెద్దోడు గట్టెక్కింది. ఊరంతా అదే చెప్పుకుంటుంటే నువ్వు కుర్చీ అంటావేంది?"

"పంతులుగారు కూర్చునే చెప్తున్నారు కదండీ."

"తెలుగు సంగతి వేరు. ఇంగ్లీషు అట్టా రాదు. అయినా కుర్చీలన్నీ అల్లకానికిచ్చాం. ఒక్కటీ లేదు ఇంట్లో."

తెరిచిన తలుపులోంచి రెండు పేము కుర్చీలు కనబడుతున్నాయట మావయ్యకు. ఆ మనిషికి అబద్ధం నమ్మేటట్టు చెప్పాలన్న ఓపిక కూడా లేదు. మావయ్య ఆ రోజు పాఠం పూర్తి చేసి, మెట్లు దిగి వచ్చాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. తక్కిన ఇళ్ళలోనూ అదే మాట అడిగాడు, అదే జవాబు విన్నాడు, మానేశాడు. "కుర్చీ వేసిన ఇంట్లోనే చెప్తా" అన్నాడు. వేసిన ఇల్లు ఒక్కటీ లేదు. అంతా కలిసి ఆయనకు పొగరెక్కిందన్నారు.

తర్వాత మిషను బడిలో పై తరగతులు ఎత్తేశారు. మావయ్య ఉద్యోగం పోయింది. నేను ట్రైనింగు ముగించుకుని జగ్గయ్యపేటలో చిన్న బళ్ళో చేరి, నాకు తోచింది ఇంటికి పంపేదాన్ని. నా జీతం తింటున్నానని మావయ్యకు చిన్నతనంగా ఉండేది. పాఠం చెప్పడం తప్ప ఇంకో పని చేతగాని మనిషి, ఉదయం నుంచి సాయంత్రం దాకా గడప మీద కూర్చుని ఉండేవాడు. ఆ కూర్చోవడంలో మునుపటి సుఖం లేదు.

అరవై మూడులో దసరా సెలవులకు నేను నందిగామ వెళ్ళాను. నేనున్నప్పుడే ఒక మధ్యాహ్నం భవానీప్రసాద్ మా పేటకు వచ్చాడు. బెజవాడలో బి.ఏ. చదివి, అత్తవారి ఊరు జగ్గయ్యపేటలో ఎస్సెస్సెల్సీ తప్పినవాళ్ళ కోసం ట్యుటోరియల్ పెట్టాడు. మా ఇంట్లోకి వచ్చి, మంచం మీద కూర్చుని, అత్తయ్య ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. అంతవరకూ ఏ ఆసామి కొడుకూ ఆ పని చెయ్యలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

"మాస్టారూ, మీరొచ్చి ఇంగ్లీషు చెప్పాలండి. మా దగ్గర ఈ కులం పట్టింపులేం లేవు. అందరం ఒకే కుండలో నీళ్ళు ముంచుకుంటాం" అన్నాడు.

మావయ్య మొహం వెలిగిపోయింది. అతను వెళ్ళాక అత్తయ్యతో, "విన్నావా, ఒకే కుండంట. అట్టాంటి చోట కుర్చీకి లోటేంటి" అన్నాడు. చొక్కా గంజి పెట్టించి ఇస్త్రీ చేయించుకున్నాడు. కాళ్ళకు గుడ్డ చుట్టుకుని పంచె దాని మీదుగా దించి కట్టుకున్నాడు. బస్సు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికని నేను కూడా వెళ్ళాను. చిల్లకల్లు దాటిందాకా మాటలే మాటలు. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పి ఎన్నాళ్ళయిందో, ఇప్పుడు పిల్లల్ని ఎలా పరిగెత్తించాలో, ఏ జంట మాటలతో మొదలుపెట్టాలో చెబుతూనే ఉన్నాడు.

నేను జగ్గయ్యపేటలోనే ఉంటున్నా ఆ వీధికి ఎప్పుడూ వెళ్ళలేదు. ట్యుటోరియల్ ముందు గోడ మీద రంగుతో పెద్ద అక్షరాలు కనబడ్డాయి. "శాంతయ్య మాస్టారి నిలువు పద్ధతిలో ఇంగ్లీషు బోధన." మావయ్య ఆగిపోయి రెండుసార్లు చదువుకున్నాడు. నేను లోపలికి తొంగి చూశాను. బల్లలున్నాయి, నల్లబోర్డు ఉంది. బోర్డుకు అటొకటి ఇటొకటి రెండు దుంగలు పాతించి వార్నీషు పూశారు. వెంకటరత్నంగారి వసారా స్తంభాలన్నమాట. కుర్చీ మాత్రం లేదు. పక్క గదిలోనూ లేదు, ఆ పక్క గదిలోనూ లేదు. లెక్కలు చెప్పే వరప్రసాదరావు అని ఒకాయన, భవానీప్రసాద్ అటు తిరిగినప్పుడల్లా కిటికీ మీద ఒదిగి కూర్చుని, ఇటు తిరగ్గానే లేచి నిలబడుతున్నాడు.

"చూసారా మాస్టారూ, మీ పద్ధతే. అన్ని సబ్జెక్టులకీ పెట్టా. టీచర్లెవరికీ కుర్చీల్లేవు" అన్నాడు భవానీప్రసాద్. గర్వంగానే అన్నాడు.

మావయ్య గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. "బాబూ, నాక్కాళ్ళు బాగోలేదు. నాకో కుర్చీ కావాలి" అన్నాడు.

"మీకా? కుర్చీయా?" అని నవ్వాడతను. "మీకు నిలబడ్డమే అలవాటు కదండీ. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా కదా."

"అలవాటు కాదు బాబూ. మీ ఇంట్లో నాకు కుర్చీ వేసేవాళ్ళు కాదు. నేనొస్తుంటే ఉన్నది తీసేవాళ్ళు. అందుకని నిలబడ్డా."

భవానీప్రసాద్ మొహంలో నవ్వు ఆగిపోయింది. "నాకు తెలీదండి. మీకిష్టమనుకున్నా" అన్నాడు. ఆ రోజు అతను చెప్పింది నేను నమ్మాను. నిజంగానే తెలియదు. బల్ల మీద కూర్చుని, తన కళ్ళెదుట ఒక మనిషి ఏళ్ళ తరబడి నిలబడి ఉంటే, ఎందుకు నిలబడ్డాడని ఒక్కసారి కూడా అనుకోవాల్సిన అవసరం వాడికి రాలేదు. తెలిసి చేసినవాడి మీద కంటే నాకు ఇలాంటివాడి మీదే ఎక్కువ కోపం. అయినా ఆ రోజుతో తెలిసింది కదా. తెలిశాకనే కదా సభలో మైకు పట్టుకుని, కుర్చీ వేసినా కూర్చునేవారు కాదని చెప్పింది. దాన్నేమనాలి?

అతను తేరుకుని గొంతు తగ్గించాడు. "ఆఫీసు గదిలో వేయిస్తానండి. ఖాళీ ఉన్నప్పుడల్లా కూర్చోండి. క్లాసులో మాత్రం వద్దు. ఈ పద్ధతి చూసే పిల్లల్ని పంపిస్తున్నారు. ఇంకో మాటండి, ఆ కుర్చీ తీసేసిన సంగతి పిల్లల దగ్గర అనకండి. నాన్నగారికీ బాగోదు, మనకీ బాగోదు."

మనకీ అన్నాడు. మావయ్యకు ఆ పని ఎంత అవసరమో నాకు తెలుసు. ఒప్పుకుని ఊరుకుంటాడేమోనని నాకు భయం వేసింది. "ముందు పిల్లల దగ్గరికెళ్తా" అన్నాడు.

గదినిండా పిల్లలు. జగ్గయ్యపేట షావుకార్ల పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ళ రైతుల పిల్లలు, మా పేటల పిల్లలు కూడా ఇద్దరు ముగ్గురున్నారు. మావయ్య బోర్డు పక్కన ఉన్న దుంగను పట్టుకుని నిలబడ్డాడు. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను, భవానీప్రసాద్ నా వెనకే ఉన్నాడు.

"ఇవాళ హ్యాబిట్, కస్టమ్" అన్నాడు మావయ్య. "గైడుల్లో రెంటికీ అలవాటు అనే రాసేస్తారు. రెండూ ఒకటి కాదు. ఒక మనిషి తనంతట తను చేసేది హ్యాబిట్. పదిమంది కలిసి చేసేది, అందరూ చేస్తున్నారు కాబట్టి చేసేది కస్టమ్. ఈ దుంగ హ్యాబిట్, ఆ దుంగ కస్టమ్. నేను చెప్తుంటా, మీరు లేచొచ్చి నిలబడండి."

పిల్లలకు లేచి తిరగడం సరదాగా ఉంది. గోళ్ళు కొరకడం అంటే హ్యాబిట్ దుంగ దగ్గరికి వెళ్ళారు. పెళ్ళిలో తలంబ్రాలు పోయడం అంటే కస్టమ్ దుంగ దగ్గరికి వెళ్ళారు. భోజనం చెయ్యగానే చుట్ట ముట్టించే తాత ఇటు, చనిపోయినవాళ్ళ ఇంటికి వెళ్ళొచ్చి స్నానం చెయ్యడం అటు. గది సందడిగా అయింది. మావయ్య గొంతులో పాత ఉత్సాహం వచ్చింది.

"ఒక మేష్టారున్నాడు. ఆయన పాఠం చెప్పేప్పుడు ఎప్పుడూ కూర్చోడు, నిలబడే చెప్తాడు. ఇదేంటి?"

అందరూ ఒక్కసారిగా హ్యాబిట్ దుంగ చుట్టూ మూగారు. వాళ్ళకు తెలిసిన మేష్టారే కదా, గోడ మీద పేరుంది.

"తప్పు" అన్నాడు మావయ్య. "ఆయనకి కూర్చోడమే ఇష్టం. ఆయన మాలపల్లెవాడని ఆ ఇళ్ళల్లో ఆయనకి కుర్చీ వెయ్యరు. ఆయన మెట్లెక్కుతుంటే ఉన్న కుర్చీ లోపల పెట్టేస్తారు. ఒక్కిల్లు కాదు, అన్నిళ్ళూ అంతే. అందుకని నిలబడ్డాడు. నిలబడి నిలబడి కాళ్ళు పాడు చేసుకున్నాడు. ఆ మేష్టార్ని నేనే. ఇప్పుడు ఏ దుంగ దగ్గరికెళ్ళాలో మీరే వెళ్ళండి."

ముందుగా కదిలింది బాలస్వామి, చిల్లకల్లు పేట పిల్లాడు. తిన్నగా కస్టమ్ దుంగ దగ్గరికి పోయి నిలబడ్డాడు. వాడికి ఆలోచించాల్సిన పనేముంది. ఆ తర్వాత ఒకరొకరుగా తక్కినవాళ్ళు వెళ్ళారు. కొందరు కదల్లేదు, నేల చూపులు చూస్తూ ఉండిపోయారు. మావయ్య ఖాళీ అయిన ముందు బల్ల చివర మెల్లగా కూర్చుని, కాళ్ళు చాచుకుని, మిగతా పాఠం అక్కణ్ణుంచే చెప్పాడు. గంట కొట్టేదాకా లేవలేదు.

భవానీప్రసాద్ అంతా విన్నాడు. క్లాసు అయ్యాక మమ్మల్ని మర్యాదగా వీధి దాకా సాగనంపాడు. "మీరు పెద్దవాళ్ళు, అనడం బాగోదు. రేపట్నుంచి శ్రమపడి రావద్దు మాస్టారూ" అన్నాడు.

"గోడ మీద నా పేరు తీసెయ్ బాబూ" అన్నాడు మావయ్య.

"అలాగేనండి" అన్నాడు. పేరు తియ్యలేదు. కొన్నాళ్ళకు నేను అటుగా వెళితే "నిలువు" అన్న ఒక్క మాట మీద సున్నం కొట్టి ఉంది. మావయ్య పేరు అలాగే ఉంది.

కుర్చీల సంగతి వరప్రసాదరావు చెప్పాడు. ఆ రోజు క్లాసులో జరిగింది పిల్లలు ఇళ్ళలో చెప్పుకున్నారు. తల్లిదండ్రులు వచ్చి, "ఇదేం పద్ధతండీ, ఏమీ లేదంటగా" అని అడిగారు. టీచర్లంతా ఏకమై, తాము మాత్రం ఎందుకు నిలబడాలని గొడవ చేశారు. భవానీప్రసాద్ మర్నెల్లోనే బెజవాడ నుంచి కొత్త కుర్చీలు తెప్పించి గదికొకటి వేయించాడు. చేతులున్న కుర్చీలట, చాలా సౌకర్యంగా ఉన్నాయట. ఇంగ్లీషు చెప్పడానికి ఇంకెవరో వచ్చి అందులో కూర్చున్నారు. అదే గదిలో, ఆ దుంగల మధ్యనే.

సంక్రాంతి వెళ్ళాక నందిగామ వెళ్ళినప్పుడు ఈ కబురు మావయ్యకు చెప్పాను. గడప మీద కూర్చుని విన్నాడు.

"చేతుల కుర్చీలా?" అన్నాడు.

"ఆఁ మావయ్యా."

"పోన్లే. ఆ లెక్కల మేష్టారు కిటికీ మీద కూర్చోలేక అవస్థ పడుతున్నాడు" అన్నాడు. కాళ్ళు చాచుకుని, "మనల్ని మాత్రం పిలవలేదేమే" అన్నాడు.

ఆయన ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను, పోగొట్టుకునే ఉద్దేశమూ లేదు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఒక్కరు కూడా పిలవలేదు.